వెయ్యి పక్షులు, ఒకటే అడ్రస్సు

(చెన్నై వేళచ్చేరిలో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో, తెలుగువాళ్ళ ఆదివారం సభలో చేసిన ప్రసంగం. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకదాకా వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కాస్త తగ్గించు బాబూ, మైకులో గాలి శబ్దమే వస్తోంది. ఆ, ఇప్పుడు బావుంది. నన్ను పిలిచినవాళ్ళు "దీవుల మీద జంతువుల గురించి ఏదైనా చెప్పండి మేడమ్" అన్నారు, ఏదైనా అంటే కష్టమండీ, కాలేజీలో జువాలజీ చెప్పి చెప్పి రిటైరైనదాన్ని, గంట కొట్టేవాడు లేకపోతే ఎక్కడ ఆపాలో నాకు తెలీదు. అందుకని ఒక్క దీవి, ఒక్క పక్షి పట్టుకొచ్చాను, మిగతావన్నీ దాని పక్కన అవసరమైనంతే.

పోర్ట్ బ్లెయిర్ వెళ్ళినవాళ్ళు ఎంతమంది? ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, నాకింకా పాత పేరే వస్తుంది. చాలామందే ఉన్నారే. షిప్‌లో వెళ్ళినవాళ్ళు? అదిగో ఆయనొక్కరే. ఇక్కడ మన హార్బర్‌లో ఎక్కితే సుమారు మూడు రోజులు చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ ఉండవు కదండీ. అండమాన్ దీవులు ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా ఉంటాయి, ఆ వరసలో పై కొసన ఉన్న నార్త్ అండమాన్ నుంచి తూర్పుకి, అంటే బర్మా వైపుకి, వంద కిలోమీటర్లు దాటి పోతే ఒక కొండ ఒక్కటే సముద్రంలోంచి లేచి ఉంటుంది. అదే నార్కొండం. నిప్పు ఆరిపోయి పడుకున్న అగ్నిపర్వతం. దాని తమ్ముడు బ్యారెన్ ఐలాండ్ ఇంకా పొగలు కక్కుతూనే ఉంటాడు, వీడు మాత్రం ఎప్పుడో సద్దుమణిగి ఒళ్ళంతా అడవి కప్పుకున్నాడు. ఎత్తు 710 మీటర్లు. విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్లు కూడా లేదు, 6.8. మనకి తెలిసిన లెక్కలో చెప్పాలంటే గిండీ నేషనల్ పార్క్ 2.7, అంటే రెండున్నర గిండీ పార్కులు, అంతే దీవి మొత్తం. చెన్నై కార్పొరేషన్ 426 చదరపు కిలోమీటర్లు, దాంట్లో అరవయ్యో వంతు.

ఈ చిన్న కొండ మీద ఒక హార్న్‌బిల్ ఉంది, హార్న్‌బిల్ అంటే కొమ్ములాంటి పెద్ద ముక్కున్న పక్షి, దీని పేరు నార్కొండం హార్న్‌బిల్, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, జూలో లేదు, పక్క దీవిలో లేదు. ఎన్ని ఉన్నాయో చెప్పేముందు మీరే ఒక అంకె అనుకోండి. పాతికా? వందా? ఈవిడ యాభై అంటున్నారు. మైసూరులో నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ అని ఉంది, వాళ్ళ శాస్త్రవేత్తలు 2019 చివర, 2020 మొదట్లో అక్కడికెళ్ళి లెక్కేస్తే వచ్చిన అంచనా 1026. అంటే చదరపు కిలోమీటరుకి 151 పక్షులు. హార్న్‌బిల్ జాతుల్లో ఎక్కడా ఇంత దట్టంగా ఉన్నట్టు రికార్డు లేదు. మీరు హార్న్‌బిల్స్ కోసం పశ్చిమ కనుమల్లో వాల్పారై వెళ్ళుంటారు, అక్కడ గైడ్ పొద్దున్నే లేపి తీసుకెళ్ళి, రెండు గంటలు మెడ పైకెత్తి నిలబెట్టి, "అదిగో సార్" అంటే ఒకటో రెండో రెక్కల చప్పుడు చేసుకుంటూ పోతాయి, దానికే మనం వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకుంటాం. నార్కొండంలో తల ఎత్తితే హార్న్‌బిల్.

నేను ఇవాళ చెప్పాలనుకుంది ఇదేనండీ. మనం ఏదైనా జంతువు అరుదు అనగానే తక్కువ ఉన్నాయి అనుకుంటాం. ఇది తక్కువ లేదు, కిక్కిరిసి ఉంది. దీని కష్టం తలల లెక్కలో లేదు, అడ్రస్సులో ఉంది. ఉన్న వెయ్యీ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఇంటిల్లిపాది బంగారం ఒకే బీరువాలో పెట్టి ఆ బీరువాకి తాళం లేకపోతే ఎట్లాగో అట్లా. బంగారం తక్కువని ఎవరూ అనరు కదా.

సరే, అసలు అక్కడికెట్లా వచ్చింది? ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఈ దీవి ఎప్పుడూ దేనికీ అంటుకుని లేదు. కొన్ని దీవులుంటాయి, శ్రీలంక లాంటివి, సముద్రం తగ్గినప్పుడు నేల బయటపడి ఇటునుంచి అటు నడిచి పోవచ్చు, మళ్ళీ నీళ్ళు పెరిగినప్పుడు తెగిపోతాయి, అప్పటికే జంతువులు అక్కడ చేరి ఉంటాయి. నార్కొండం అట్లా కాదు, సముద్రం అడుగున లావా పేరుకుంటూ పేరుకుంటూ పైకొచ్చిన కొండ, పుట్టినప్పుడు ఒట్టి రాయి. దాని మీద ఇవాళ ఉన్న ప్రతి చెట్టూ ప్రతి పురుగూ ఎగిరో, తేలో, గాలికి కొట్టుకొచ్చో, ఇంకొకళ్ళ పొట్టలో విత్తనంగానో వచ్చినవే. మనుషులు పడవల్లో తెచ్చినవి వేరే, వాటి దగ్గరికి వస్తా.

హార్న్‌బిల్ ఎగిరే వచ్చింది. దీని దగ్గరి చుట్టాలు బర్మా, థాయిలాండ్ నుంచి అటు న్యూగినీ దాకా ఉన్నాయి, ఎప్పుడో ఏదో జంట, లేకపోతే చిన్న గుంపు, దారి తప్పో తుఫానుకో వచ్చి పడింది. వచ్చినవి వచ్చినట్టే ఉండలేదు, తరాలు గడిచేకొద్దీ వేరే జాతిగా మారాయి, చుట్టాలందరిలోకీ చిన్నవాటిలో ఇదొకటి. ఇంకో తమాషా ఏంటంటే అండమాన్ నికోబార్ మొత్తంలో, అంత పెద్ద పెద్ద అడవులున్న దీవుల్లో, ఎక్కడా ఒక్క హార్న్‌బిల్ జాతి కూడా లేదు. ఈ ముక్కంత కొండ మీదే ఉంది. ఎందుకని పక్షుల శాస్త్రజ్ఞులు తరతరాలుగా తల గోక్కుంటూనే ఉన్నారు.

మొదట దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది ఎవరో తెలుసా? ఏ.ఓ. హ్యూమ్. అవును, మీరు స్కూల్లో చదువుకున్న హ్యూమే, 1885లో కాంగ్రెస్ పెట్టినాయన. ఆయనకి రాజకీయాలకన్నా ముందు పక్షుల పిచ్చి ఉండేది, 1873లో అక్కడికి వెళ్ళి దీన్ని కొత్త జాతి అని రాశాడు.

చూడ్డానికి ఎట్లా ఉంటుందంటే మగదానికి తల, మెడ ఇటుక రంగు, ఒళ్ళంతా నలుపు, తోక తెలుపు. ఆడదానికి తల కూడా నలుపే. రెండిటికీ గొంతు కింద లేత నీలం సంచి. కాపురం మాత్రం అన్ని హార్న్‌బిల్స్ లాగే విచిత్రం. పెద్ద చెట్టులో తొర్ర ఉండాలి, తను తవ్వుకోలేదు, వడ్రంగిపిట్ట కాదు కదా, కొమ్మ విరిగిన చోట కుళ్ళి సహజంగా ఏర్పడిన తొర్ర కావాలి. ఆడది లోపలికి పోయి తలుపు మూసేసుకుంటుంది, తన రెట్టా పండ్ల పిప్పీ కలిపి ప్లాస్టరింగ్ చేసినట్టు మూసి సన్నటి చీలిక ఒక్కటి వదులుతుంది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా లోపలే. అక్కడ ఉండగా రెక్కల ఈకలు, తోక ఈకలు రాల్చేసి కొత్తవి మొలిపించుకుంటుంది కూడా. ఇన్నాళ్ళూ తిండి? మగాడు తేవాలి. పొద్దున లేచింది మొదలు చెట్టు చెట్టూ తిరిగి పండ్లు మింగి, గొంతులో దాచుకొచ్చి, ఒక్కొక్కటి పైకి కక్కి ఆ చీలికలోంచి అందిస్తాడు. (నవ్వులు) నవ్వకండి, ఆడవాళ్ళు ఇళ్ళకెళ్ళి ఇదే ఉదాహరణ చెప్పొచ్చు. కానీ దీనిలో ఒక ప్రమాదం ఉంది చూడండి, ఆ సీజన్‌లో ఎవడో బుద్ధి లేనివాడు ఒక మగపక్షిని కొడితే పోయేది ఒక పక్షి కాదు, లోపలున్న తల్లికి తిండి లేదు, ఈకలు రాల్చుకుని ఉంటే ఎగరలేదు, పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

మరి అంత చిన్న చోట ఇన్ని ఎందుకున్నాయి? ఒకటి తిండి. మర్రి, రావి, మేడి, ఈ జాతి చెట్లు అక్కడ విపరీతంగా ఉన్నాయి. మామిడిలా అన్నీ ఒకే సీజన్‌లో కాయవు, ఈ చెట్టు ఇప్పుడు, ఆ చెట్టు రెండు నెలల తర్వాత, ఏడాదంతా ఎక్కడో ఒక చోట పండు ఉంటుంది. (పక్కకి పోయి ఒక మాట, మేడిపండు చూడ మేలిమై ఉండును అని మనవాళ్ళు ఆ పురుగుల్ని తిట్టారుగానీ, ఆ కందిరీగ లాంటి చిన్న పురుగు లోపలికి దూరకపోతే పూత కాయ కాదు, కాయ విత్తనం కాదు. ఒక్కో మేడి జాతికి సాధారణంగా దాని సొంత పురుగు ఉంటుంది, కాబట్టి నార్కొండానికి చెట్టు వస్తే సరిపోలేదు, పురుగు కూడా రావాల్సొచ్చింది.) రెండోది పోటీ లేదు. మామూలు అడవిలో ఆ పండు కోసం కోతి వస్తుంది, ఉడత వస్తుంది, వేరే హార్న్‌బిల్ జాతులు రెండో మూడో వస్తాయి. ఇక్కడ పెద్ద పండ్లు మింగే పెద్ద పక్షి ఇదొక్కటే, తర్వాత చెప్పుకోదగ్గది కోయిల. మూడోది గూళ్ళ మీద పడే జంతువుల బెడద మెయిన్‌ల్యాండ్ అడవుల్లో ఉన్నంత లేదు.

ఆ మైసూరు వాళ్ళే ఈశాన్య రాష్ట్రాల అడవితో పోల్చి ఇంకో సంగతి రాశారు. మెయిన్‌ల్యాండ్‌లో పెద్ద విత్తనాలని మోసే పని చాలా జాతులు పంచుకుంటాయి, ఒకటి మానేసినా ఇంకోటి చేస్తుంది. నార్కొండంలో ఆ పనంతా ఈ ఒక్క పక్షి నెత్తిన ఉంది, అది పండు మింగి గింజ ఇంకో చోట కక్కుతుంది, అక్కడ చెట్టు మొలుస్తుంది, ఆ చెట్టే తర్వాతి తరాలకి తిండి, తొర్ర. అందుకే ఆ అడవిలో పెద్ద గింజల చెట్లు మెయిన్‌ల్యాండ్ కన్నా ఎక్కువ పాళ్ళలో ఉన్నాయట. అడవి పక్షిని పోషిస్తోందా, పక్షి అడవిని పెంచుతోందా అంటే రెండూ నిజమే. పక్షి పోతే అడవి వెంటనే పోదు, నిలబడే ఉంటుంది, ముసలితనంతో ఒక్కొక్క చెట్టూ పడిపోతుంటే దాని చోట్లో అదే జాతి మొక్క రాదు, అంతే.

ఇప్పుడు మేకల కథ. 1969లో అక్కడ పోలీస్ ఔట్‌పోస్ట్ పెట్టారు, ఎందుకంటే ఆ దీవి మాదని బర్మా అనేది, ఆ గొడవ 1986లో సముద్ర సరిహద్దు ఒప్పందంతో తీరింది. పోలీసులు పాపం ఏం చేస్తారు, సముద్రం మధ్యలో నెలల తరబడి ఉండాలి, కొబ్బరి వేసుకున్నారు, అరటి వేసుకున్నారు, వంటకి కట్టెలు కొట్టుకున్నారు, మాంసానికని మేకలు తెచ్చుకున్నారు. మేక సంగతి మనకి తెలియనిదా, మా గూడూరు వైపు అందరూ మేకలు మేపినవాళ్ళే. కట్టు తప్పిన మేకలు అడవిలోకి పోయి వందల్లోకి పెరిగాయి. మేక పెద్ద చెట్టుని ఏమీ చెయ్యదు, మొలకని తింటుంది. ఇది చాలా మోసపూరితమైన నష్టమండీ, ఎందుకంటే దూరం నుంచి చూస్తే, శాటిలైట్‌లోంచి చూసినా, అడవి పచ్చగానే ఉంటుంది, పక్షులు కూడా అన్నీ ఉంటాయి, లెక్కేస్తే అంకె తగ్గదు. యాభై ఏళ్ళ తర్వాత తొర్రలున్న ముసలి చెట్లు పడిపోయినప్పుడు చూస్తే వాటి వెనకాల నడివయసు చెట్లు ఉండవు, చిన్నవి ఉండవు. అప్పుడు మేకల్ని తీసేసినా పెద్ద లాభం లేదు, తొర్ర పడే సైజుకి చెట్టు ఎదగడానికి పట్టే కాలం పడుతుంది కదా. ఈ సంగతి వేళకి పసిగట్టిన వాళ్ళలో కోయంబత్తూరు సలీం అలీ సెంటర్‌లో పనిచేసిన రవి శంకరన్ గారు ఒకరు, 1990ల చివర్లో వెళ్ళి చూసి మేకల్ని తీసెయ్యమని గట్టిగా చెప్పారు, తీసేశారు. దీవిని 1977లోనే సాంక్చువరీ చేశారు, కానీ నన్నడిగితే సాంక్చువరీ బోర్డు కన్నా మేకల్ని పడవెక్కించడమే పెద్ద పని. బోర్డు మొలకని కాపాడదు.

1972లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెళ్ళిన హుస్సేన్ గారు సుమారు 400 అని అంచనా వేశారు. ఇప్పుడు వెయ్యి దాటింది కదా, రెట్టింపు పైన పెరిగాయి అని పేపర్లో రాసేస్తారు, అట్లా అనకూడదు, అప్పటి పద్ధతి వేరు, ఇప్పటి పద్ధతి వేరు. ఇప్పుడు ఏం చేస్తారంటే కాలిబాటలు గీసుకుని నడుస్తారు, ప్రతి పక్షీ బాట నుంచి ఎంత దూరంలో కనపడిందో కొలుస్తారు, దూరం పెరిగేకొద్దీ ఎన్ని తప్పిపోతున్నాయో ఆ కొలతల్లోంచే లెక్కగట్టి, కనపడనివాటిని కూడా కలుపుతారు. మనం గుడి దగ్గర జనాన్ని చూసి "ఓ నాలుగు వందలుంటారు" అన్నట్టు కాదు. తగ్గలేదు అని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

సరే, తగ్గలేదు, మేకలు పోయాయి, పండ్లున్నాయి. ఇంకేంటి భయం అంటారా? ఒకటే అడ్రస్సు అన్నాను కదా, దానికి న్యూజిలాండ్‌లో జరిగింది చెప్తాను, నా దృష్టిలో దీవుల గురించి తెలుసుకోవాల్సిన కథ ఒక్కటే ఉంటే అది ఇదే.

న్యూజిలాండ్‌కి దక్షిణం కొసన బిగ్ సౌత్ కేప్ అని దీవి, నార్కొండం కన్నా కాస్త పెద్దది. ఎలుకలు లేని దీవి. న్యూజిలాండ్ పక్షులు పిల్లీ ఎలుకా ఎరగకుండా పెరిగినవి, సగం నేల మీదే తిరుగుతాయి. మెయిన్‌ల్యాండ్‌లో ఎలుకలొచ్చి తుడిచిపెట్టుకుపోయిన జాతులు కొన్ని చివరికి ఈ ఒక్క దీవిలో మిగిలాయి. శాడిల్‌బ్యాక్ అని ఎర్రటి వీపున్న పక్షి, బుష్ రెన్ అని అరచేతిలో పట్టేంత పిట్ట, ఒక జాతి ఉల్లంకి పిట్ట, ఒక గబ్బిలం. అక్కడికి మావోరి కుటుంబాలు ఏటా సీజన్‌లో వచ్చి సముద్రపక్షుల పిల్లల్ని పట్టుకుంటారు, వాళ్ళకది తాతల నాటి హక్కు. 1964లో వాళ్ళొచ్చేసరికి గుడిసెల్లో గోడ కాగితాలు కొరికి ఉన్నాయి, ఎక్కడ చూసినా ఎలుకలు. ఏదో పడవ లంగరు తాళ్ళ మీదుగా దిగి ఉంటాయి. వాళ్ళు వెంటనే కబురు పంపారు. ఇప్పుడు వినండి, అప్పటికి చాలామంది శాస్త్రవేత్తలకి ఎలుక ఒక జాతిని మొత్తంగా తుడిచేస్తుందనే నమ్మకమే లేదు. కొన్నాళ్ళకి అవే సర్దుకుంటాయి, ప్రకృతిలో జోక్యం చేసుకోకూడదు అని వాదన. ఆ వాదనలయ్యి, వైల్డ్‌లైఫ్ సర్వీస్ వాళ్ళు అక్కడికి చేరేసరికి నెలలు గడిచాయి. దొరికినవాటిని దొరికినట్టు పట్టుకుని పక్కనున్న చిన్న చిన్న ఎలుకల్లేని దీవులకి మార్చారు. శాడిల్‌బ్యాక్‌లు 36 దొరికాయి, బతికాయి, వాటి సంతానమే ఇవాళ బోలెడు దీవుల మీద ఉంది. బుష్ రెన్‌లు ఆరు దొరికాయి, మార్చారు, నిలవలేదు, 1972 తర్వాత ఎవరికీ కనపడలేదు. ఉల్లంకి పిట్ట పోయింది. గబ్బిలం కూడా పోయినట్టే.

నిన్నటిదాకా ఆ పక్షులు కూడా దండిగానే ఉన్నాయండీ ఆ దీవిలో. ఎవరైనా లెక్కేసుంటే బాగున్నాయనే రాసేవారు. ఎలుకలొచ్చాక రెండు మూడేళ్ళ పని. న్యూజిలాండ్ వాళ్ళు ఆ దెబ్బతో మేలుకుని దీవుల మీద ఎలుకల్ని పూర్తిగా నిర్మూలించడం ఒక విద్యగా నేర్చుకున్నారు, 2006లో అదే బిగ్ సౌత్ కేప్‌లో కూడా తీసేశారు, ఇవాళ ప్రపంచంలో ఎక్కడ దీవి శుభ్రం చెయ్యాలన్నా చాలాసార్లు వాళ్ళనే పిలుస్తారు. కానీ బుష్ రెన్‌ని ఎవరు తెస్తారు?

పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న గ్వామ్ దీవి సంగతి మీరు వినే ఉంటారు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలిటరీ సామాన్లలో చెట్లెక్కే పాము ఒకటి చేరి, అడవిలో ఉండే 12 సొంత పక్షి జాతుల్లో 10 మాయం చేసింది. దాంతో సాలీళ్ళు పెరిగిపోయి అడవి నిండా గూళ్ళు. అక్కడి లకుముకి పిట్ట జూలలో మాత్రం బతికి, 2024లో పాల్మైరా అనే వేరే దీవిలో మళ్ళీ బయట ఎగిరింది.

మన దగ్గరికి వద్దాం. 2016 డిసెంబర్ 12 మీకు గుర్తుంది కదా, వర్దా. ఈ వేళచ్చేరిలో ఎన్ని రోజులు కరెంటు లేదో నేను చెప్పక్కర్లేదు. గిండీ పార్కులో చెట్లు కుప్పలు కుప్పలుగా పడిపోయాయి. ఆ తుఫాను మన మీదకి రాకముందు ఎక్కడ తిరిగింది? అండమాన్ దగ్గర. హావ్‌లాక్‌లో టూరిస్టులు చిక్కుకుపోతే నేవీ వెళ్ళి తెచ్చింది. ఊరికే ఊహించండి, అంతటి తుఫాను కన్ను సరిగ్గా రెండున్నర గిండీ పార్కులంత దీవి మీదుగా పోతే, అదీ తల్లులు తొర్రల్లో ఉన్న నెలల్లో పోతే. ఆ కొండ వేల ఏళ్ళుగా తుఫానులు చూసే ఉంటుంది, పక్షి తట్టుకునే ఉంటుంది, నేను కాదనను. కానీ తుఫానుతో పాటు మేకలు, ఎలుకలు, రోడ్డు, జనరేటరు అన్నీ కలిస్తే తట్టుకోవాలని ఎక్కడా లేదు.

రోడ్డు, జనరేటరు ఎందుకన్నానంటే, కోస్ట్ గార్డ్ అక్కడ రాడార్ పెట్టాలని అడిగింది. రాడారంటే రాడారొక్కటే కాదు, డీజిల్ జనరేటర్లు, అక్కడిదాకా రోడ్డు, కట్టేవాళ్ళు, వాళ్ళ సామాన్లు. 2012లో పర్యావరణ మంత్రిగా ఉన్న జయంతి నటరాజన్ గారు, మన చెన్నై మనిషే, పక్షి కోసం కుదరదన్నారు. 2014లో ప్రభుత్వం మారాక మంత్రిత్వశాఖ సరేనంది. నేను దేశరక్షణ వద్దనే మనిషిని కాదు, మా ఇంట్లోనే ఫౌజీలున్నారు, బర్మా కోకో దీవులు అంత దగ్గర్లో ఉన్నప్పుడు వాళ్ళ ఆందోళన అర్థం చేసుకోగలను. కాకపోతే రాడార్‌కి రెండో చోటు వెతకొచ్చు, పక్షికి రెండో చోటు లేదు. ఆ మాట ఫైల్లో మొదటి పేజీలో ఉండాలి, ఆఖరి పేజీ అనుబంధంలో కాదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ఆ, బ్లూ షర్ట్ వేసుకున్నాయన అడుగుతున్నారు, మరి రెండో అడ్రస్సు మనమే ఇవ్వొచ్చు కదా, ఓ యాభై జంటల్ని పట్టుకెళ్ళి వేరే దీవిలో వదిలితే పోలా అని. మంచి ప్రశ్న, శాడిల్‌బ్యాక్ కథ చెప్పింది నేనే కాబట్టి మీకు ఆ అనుమానం రావాలి కూడా. కానీ అక్కడ వేరే దారి లేదు, ఇల్లు తగలబడుతుంటే పిల్లల్ని కిటికీలోంచి అందించినట్టు అందించారు. ఇక్కడ ఇల్లు బాగానే ఉంది. పైగా వేరే దీవి అంటే ఏ దీవి? అండమాన్ పెద్ద దీవుల్లో వదిలితే అక్కడ హార్న్‌బిల్ ఎప్పుడూ లేని అడవికి మనం కొత్త జంతువుని తెచ్చినట్టు. అట్లా తెచ్చిన చరిత్ర అండమాన్‌కి బాగానే ఉంది, బ్రిటిష్ వాళ్ళు వేటకీ అందానికీ అని మచ్చల జింకని తెచ్చారు, పులి లేదు, చిరుత లేదు, అది దీవి దీవికీ ఈది మొలకలన్నీ మేసేస్తోంది. ఇంటర్‌వ్యూ ఐలాండ్‌లో కలప కంపెనీ 1962లో దివాలా తీసి ఏనుగుల్ని వదిలేసి పోయింది, అవి అడవి ఏనుగులై చెట్ల బెరళ్ళు చీల్చాయి. కాబట్టి రెండో అడ్రస్సు ఆలోచన కాగితం మీద సిద్ధంగా పెట్టుకోవాలి, ఏ దీవి, ఏ తిండి, ఎవరు పట్టుకుంటారు అని, కానీ అవసరం పడేదాకా పక్షిని ముట్టుకోకూడదు అనేది నా అభిప్రాయం. ఈలోపల చెయ్యాల్సినవి బోరు కొట్టే పనులు. ఔట్‌పోస్ట్‌కి గ్యాస్ సిలిండర్లు అందుతుంటే కట్టెలు కొట్టరు. రేషన్ తీసుకెళ్ళే బోటులో బియ్యం బస్తాలు విప్పి చూసి ఎక్కించాలి. కోళ్ళూ మేకలూ మళ్ళీ వెళ్ళకూడదు.

మేం వెళ్ళి చూడొచ్చా అంటున్నారు. కుదరదమ్మా, నేనూ వెళ్ళలేదు, టూరిస్టులకి తెరిచిన చోటు కాదు, అట్లాగే ఉండనివ్వండి. హార్న్‌బిల్ చూడాలనుంటే వాల్పారై ఉంది, మెడనొప్పికి మాత్రం నన్ననకండి.

చివర్న ఎవరో చెయ్యెత్తారు... చెప్పండన్నా. ఈయన నెల్లూరాయన, చేపపిల్లల వ్యాపారం, అండమాన్‌కి కూడా సరుకు పోతుందట, "మా వల్ల ఏమన్నా ఇబ్బందా మేడమ్" అని అడుగుతున్నారు. అడిగినందుకు సంతోషం, ఎందుకంటే దీనికి జవాబుంది. మన పొలాల్లో వానకి పసుప్పచ్చగా మారి బెకబెకమనే పెద్ద కప్ప ఉంది చూడండి, బుల్‌ఫ్రాగ్, ఇక్కడ అది మన నేస్తం, పురుగుల్ని తింటుంది. అండమాన్‌లో అది ఇంతకుముందు లేదు. చేపపిల్లల సంచుల్లో దాని తోకకప్పలు కలిసిపోయి అక్కడి చెరువుల్లోకి దిగాయి, ఈ ఇరవై ఏళ్ళలో దీవులకి దీవులు ఎక్కేసింది. దాని తోకకప్పలు మిగతా కప్పల్లాగా నాచు తిని ఊరుకోవు, పక్క తోకకప్పల్ని తింటాయి, ప్రయోగాల్లో అక్కడి సొంత కప్పల పిల్లలతో కలిపి పెంచితే అవి దాదాపు మిగల్లేదు. పెద్దయ్యాక కోడిపిల్లల్ని కూడా మింగుతుంది, అక్కడి రైతులే మొత్తుకుంటున్నారు. అన్నా, చేపపిల్లకీ తోకకప్పకీ తేడా మీ పనివాళ్ళకి చీకట్లో కూడా తెలుస్తుంది. ప్యాకింగ్ ముందు తొట్టిలో ఒకసారి వడకట్టించండి, గుండు తలతో ఉన్నదేదీ ఆ సంచిలోకి పోకూడదు. పంపినవాళ్ళు ఇక్కడ ఆపితే ఒక్క జల్లెడతో పని అయిపోతుంది, అక్కడ దిగాక మాత్రం ఎవరి తరమూ కాదు. మీ అసోసియేషన్‌లో మిగతావాళ్ళకి చెప్తారా? నంబర్ ఇవ్వండి, ఆ కప్ప ఫోటోలు, తోకకప్ప ఫోటోలు సాయంత్రం నేను పంపిస్తాను.